మొదటి మాట అందిస్తే చాలు

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం లేకపోతే ఉత్తరానికి తల లేనట్టుంటుంది కనక రాశాను. అందులో మొదటి సగం ఎంతవరకు నిజమో ఆఖరికి నువ్వే తేల్చుకుందువుగాని.

నీ ఉత్తరం చేరింది. మీ అమ్మ చదివింది, మీ నాన్న చదివాడు, ఆ తర్వాత పైన ఎవరి పేరుందో చూసి నాకిచ్చారు. శిక్షణ కేంద్రంలో మీ ఫోన్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి ఆదివారం మాత్రం కాసేపు ఇస్తున్నారని మీ అమ్మ ఒకటే వాపోవడం. నాకు మాత్రం ఆ నియమం పెట్టినవాడికి చేతులెత్తి మొక్కాలనుంది. లేకపోతే నీ చేత నాలుగు పేజీలు రాయించే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు. నీ చేతిరాత మాత్రం అలాగే ఉంది, వానలో తడిసిన చీమల బారులాగా. రైలు నడిపేదానికి చేతిరాతతో పనేముందని నువ్వంటావు. అదీ నిజమే.

నువ్వు మూడు సంగతులు అడిగావు. రైలు దారంతా అప్పజెప్పే రూటు పరీక్షలో తప్పాను, నీకు నాటకాలకి నాటకాలు ఎలా గుర్తుండేవి అని ఒకటి. మరుపు వంశంలో వస్తుందా అని రెండోది. అమ్మ గొంతు ఈమధ్య ఫోన్లో ఎందుకంత హుషారుగా ఉంది, ఇల్లేమైనా కొన్నారా అని మూడోది.

మూడోది తేలిక. ఇల్లూ లేదు, వాకిలీ లేదు. మీ అమ్మ హుషారుకి కారణం నేను. చెప్పిన సంగతే మళ్ళీ చెబుతున్నానని, పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచానని నన్ను చలికాలంలో ఒక జ్ఞాపకాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కదా. ఈమధ్య మళ్ళీ తీసుకెళ్ళింది. ఆయన పరీక్షలన్నీ పెట్టి, పోయినసారికన్నా చాలా మెరుగు, భేష్ అన్నాడు. బస్సులో ఇంటికొస్తూ మీ అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నాకు కనబడదనుకుంది. అద్దంలో కనబడింది. అప్పట్నుంచీ ఇంట్లో పాటలు పాడుతోంది. ఆ పాటల సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను, చెవులు కుదుటపడ్డాక.

రెండో ప్రశ్నకి తర్వాత వస్తాను. ముందు మొదటిది. పరీక్ష మళ్ళీ పెడతారన్నావు కనక తొందర దానికే.

నువ్వు ఏం చేశావో నీ ఉత్తరంలోనే ఉంది. రూటు ఛార్టు ముందు పెట్టుకుని, రంగు పెన్నులతో గీతలు గీసి, మొదటి స్టేషను నుంచి ఆఖరి స్టేషను దాకా పదే పదే చదివావు. చదివిన ప్రతిసారీ అబ్బ, వచ్చేసింది అనిపించింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు ముందు కూర్చున్నాక, మొదటి వంతెన దాటగానే వచ్చే సిగ్నలేది అంటే రెండో వంతెన తర్వాతది చెప్పావు. ఆపైన మిగతాదంతా కూలిపోయింది. ‘నా బుర్రకి బూజు పట్టింది అమ్మమ్మా, నీ జ్ఞాపకశక్తి నాకు రాలేదు’ అని రాశావు.

నీ బుర్రకి ఏమీ పట్టలేదు. నువ్వు చేసిన పని అద్దంలో భోజనం చూడటంలాంటిది. కళ్ళకి కడుపు నిండింది.

మా నాటకశాలలో మహారాజు నీకు గుర్తున్నాడా? చిన్నప్పుడు ఆయన కిరీటంలో రాళ్ళు పీకింది నువ్వే. రాజు వేషాలే వేసి వేసి ఆ పేరు నిలిచిపోయింది గాని, ఇంట్లో బల్బు మార్చడం కూడా రాదు పాపం. గొంతు మేఘంలాంటిది. జ్ఞాపకం జల్లెడ. నేను భాషలో పట్టా పుచ్చుకుని ప్రాంప్టరుగా ఎందుకు చేరానని అందరూ అడిగేవాళ్ళు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటుడు మాట మరిచిపోతే లోగొంతుకలో అందించడానికి పట్టా ఎందుకని. మహారాజు ఒక్కడికే రెండు పట్టాలున్నా సరిపోవు.

ఆయనా నీలాగే చేసేవాడు. కాళ్ళు చాపుకుని, టీ తాగుతూ, సంభాషణలన్నీ నవల చదివినట్టు చదివేవాడు. ఒకరోజు చేతిలోంచి కాగితాలు లాక్కున్నాను.

‘‘ఏంటక్కయ్యా, చదువుకుంటున్నాను కదా!’’

‘‘చదివింది చాలు మహారాజా. ఇప్పుడు చెప్పండి.’’

‘‘ఇంకా రాలేదు కదా, ఎలా చెప్పను?’’

‘‘రానప్పుడే చెప్పాలి.’’

గింజుకున్నాడు, పైకప్పు చూశాడు, నన్ను చూశాడు, సగం తప్పు చెప్పాడు. అప్పుడు కాగితం చూపించాను. మళ్ళీ లాక్కున్నాను. ఆ గింజుకోవడం ఉంది చూశావూ, నేర్చుకోవడమంటే అదే. తేలిగ్గా వచ్చిన మాట తేలిగ్గానే పోతుంది. వెతికి పట్టుకున్న మాట నీది.

జ్ఞాపకమంటే బీరువా అనుకుంటారు అందరూ. లోపల పెట్టి తలుపేస్తే ఎప్పుడు తీసినా మడత నలగకుండా ఉంటుందని. అది బీరువా కాదే పిల్లా, నాటకం. నిన్నటి ప్రదర్శన ఎక్కడ దాచి ఉంది? ఎక్కడా లేదు. మళ్ళీ దీపాలు వేసి, మనుషులొచ్చి, ఆడితేనే ఉంది. నువ్వు ఏదైనా గుర్తు చేసుకున్న ప్రతిసారీ తల లోపల అది కొత్తగా ఆడుతుంది. ఎక్కువసార్లు ఆడిన నాటకం పట్టు తప్పదు. తప్పుగా ఆడి దిద్దుకోకపోతే తప్పే నిలబడిపోతుంది. అందుకే ఛార్టు మూసెయ్యి. తెల్లకాగితం తీసుకుని గుర్తున్నంతవరకు గియ్యి. తర్వాత తెరిచి, తప్పులు దిద్దుకో. అదే పూట మళ్ళీ మొదలుపెట్టకు. ఒక రాత్రి నిద్రపో. మర్నాడు గియ్యి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగి, మరిచిపోతున్నట్టు అనిపించినప్పుడు గియ్యి. సరిగ్గా జారిపోబోయేముందు పట్టుకుంటే పట్టు గట్టిపడుతుంది. మీ హాస్టల్లో నిద్ర మానేసి చదివేవాళ్ళని చూసి భయపడుతున్నానన్నావు. వాళ్ళని చూసి జాలిపడు. పగలు నేర్చుకున్నది సర్దుకునేది నిద్రలోనే. వాళ్ళు కూరలు తెచ్చి వంటింట్లో పోసి, వంటమనిషిని ఇంటికి పంపేస్తున్నారు.

ఇంకొకటుంది, ఇది పుస్తకాల్లో చదివింది కాదు, కళ్ళారా చూసింది. ఒక నాటకంలో మహారాజు కుర్చీ వెనకాల నిలబడి కొడుకుతో పెద్ద సంభాషణ చెప్పాలి. ఒకరోజు సామాను సర్దే మనిషి కుర్చీని అటుపక్క పెట్టాల్సింది ఇటుపక్క పెట్టాడు. మహారాజు వచ్చాడు, కుర్చీ వెనక్కి వెళ్ళాడు, నోరు తెరిచాడు. ఏమీ లేదు. నేను మొదటి మాట అందించాను. లేదు. రెండో మాట అందించాను. గుడ్లప్పగించి చూస్తున్నాడు. చివరికి ఆయనకే ఏం తోచిందో, వేదిక దాటి రోజూ కుర్చీ ఉండే ఖాళీ జాగాకి వెళ్ళి, లేని కుర్చీ మీద చెయ్యి వేశాడు. అంతే, మాటలు కుళాయి తిప్పినట్టు వచ్చాయి. మర్నాడు పత్రికలో, శూన్యాన్ని పట్టుకుని తండ్రి పడే వేదన అద్భుతం అని రాశారు. మేం పడిన వేదన ఎవరూ రాయలేదు.

మాట చోటుని పట్టుకుని వేలాడుతుంది. నీ అదృష్టం చూడు, నీ పాఠమంతా చోట్లే! సిగ్నళ్ళని అంకెల్లా బట్టీ పడితే ఒకదానికొకటి పోలిక. అలా కాక ఇంజన్లో నిలబడి పక్కన ఏముందో చూడు. నీళ్ళ ట్యాంకు మీద తుప్పు ఎటు కారింది, ఏ గోడ కూలింది, ఎక్కడ కిటికీలో ఎర్ర దుప్పటి ఆరేసి ఉంది. దుప్పటి తీసేస్తారనుకో, గోడని పట్టుకో. ఒక్కటే పట్టుకుంటే మహారాజు కుర్చీ అవుతుంది. రెండు వంతెనలూ ఒకేలా ఉన్నాయి, అందుకే కలిసిపోయాయన్నావు. అయితే వాటిని విడివిడిగా నేర్చుకోకు. పక్కపక్కన పెట్టుకుని తేడాలు వెతుకు. దేని మీద చక్రాల చప్పుడు బోలుగా వస్తుంది? ఏది దాటగానే పట్టా ఎత్తెక్కుతుంది? కవల పిల్లల్ని వాళ్ళమ్మ ఎలా పోల్చుకుంటుంది, పోలికలు చూసి కాదు కదా.

ఆపైన, నేర్చుకున్నదాన్ని ఏమీ తెలియనివాళ్ళకి చెప్పు. నీ గదిలో ఉండే ఆ గురక పిల్లకైనా సరే. చెబుతుంటే ఎక్కడ తడబడతావో అక్కడే నీకు రానిది ఉంది.

ఇక ఇంటి కబుర్లు. మీ నాన్న నా జ్ఞాపకశక్తి కోసం రోజూ నానబెట్టిన బాదంపప్పులు పెడుతున్నాడు. జ్ఞాపకం సంగతేమో గాని పళ్ళనొప్పి వచ్చింది. వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడు. ఉప్పు డబ్బా మీద పంచదార అని ఉంది. ‘‘అల్లుడుగారూ, ఈ చీటీలు ఎవరి జ్ఞాపకం కోసం?’’ అన్నాను. ‘‘అది పరీక్ష అత్తయ్యగారూ, మీరు కనిపెడతారో లేదో అని’’ అన్నాడు. ఆ పూట ఉప్పు వేసిన టీ తాగినవాడు ఆయనే.

నాటకశాలలో కొత్త నాటకం. తీర్పు చెప్పిన ఇన్నేళ్ళకి తన తీర్పు మీద తనకే అనుమానం వచ్చిన ముసలి జడ్జి కథ. జడ్జి మహారాజే. ఎప్పుడో వేషాలు మానేసినవాడు, ఈ ఒక్కటీ వేస్తానని ముచ్చటపడి వచ్చాడు. దర్శకుడి వయసు మీ నాన్నకన్నా తక్కువ, గడ్డం వయసు నాకన్నా ఎక్కువ. మహారాజు షరతు పెట్టాడు, తెర పక్కన అక్కయ్య ఉంటేనే ఎక్కుతాను అని. దర్శకుడు నా వంక చూసి, ‘‘మామ్మగారూ, ఈ వయసులో...’’ అని నసిగాడు. డాక్టరుగారి భేష్ అన్న కాగితం సంచిలోంచి తీసి ఆయన గడ్డం కింద పెట్టాను.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. ఎదురుగా కిటికీ తీసి ఉంది, కింద ఎవరో కారు తిప్పలేక ముందుకీ వెనక్కీ తీస్తున్నారు. ఇంకా తిప్పుకుంటూ కూర్చుంటే నేనూ ఆ కారూ ఒకటే. చెప్పేస్తాను.

డాక్టరు కాగితం నేను న్యాయంగా సంపాదించింది కాదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అయిదు మాటలు చెప్పి, కాసేపు వేరే పనులు చేయించి, ఆ మాటలేవి అని అడిగాడు. దువ్వెన, నది, ఇటుక, లాంతరు, పావురం. నాకు రెండే వచ్చాయి. రెండు! నటులకి మొత్తం అంకాలు అందించినదాన్ని. ఆయన జాలిగా నవ్వి మిగతా మూడూ చెప్పాడు. ఆ నవ్వు నన్ను కాల్చేసింది. మీ అమ్మ మందుల చీటీ కోసం నిలబడితే, బయట బెంచీ మీద కూర్చుని నేనేం చేశానో తెలుసా? నా వృత్తి చేశాను. దువ్వెనతో నది జుట్టు దువ్వాను, నది ఒడ్డున ఇటుక పెట్టాను, ఇటుక మీద లాంతరు, లాంతరులో పావురం. మర్నాడు అప్పజెప్పుకున్నాను. కొన్నాళ్ళాగి మళ్ళీ. నీకు పైన రాసిన పద్ధతి అంతా నా మీద నేనే అమలు చేశాను. రెండోసారి వెళితే ఆయన అవే అయిదు మాటలు! జ్ఞాపకాల డాక్టరుకి పోయినసారి ఏ మాటలు అడిగాడో జ్ఞాపకం లేదు. ఆయన అడిగీ అడక్కముందే గడగడా చెప్పేశాను. భేష్ అన్నాడు.

ఆ క్షణం ఎంత గర్వపడ్డానో చెప్పలేను. బస్సులో అద్దంలో మీ అమ్మ మొహం చూసేదాకా. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మీ అమ్మ ముక్కు తుడుచుకుని ఇటు తిరిగి, ‘‘ఈ చలికాలమంతా నాకు నిద్ర లేదే అమ్మా’’ అంది. డాక్టరు ఇచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం నాటకశాల నుంచి నడిచి ఇంటికొస్తున్నాను. తాళాల షాపు మూల దగ్గర కుడికి తిరగాలి. నీకూ తెలుసు, నిన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మూల. అక్కడ ఆగాను. కుడివైపు ఒక వీధి ఉంది. ఎడమవైపు ఒక వీధి ఉంది. రెండూ నేను ఎన్నడూ చూడనివి. తల తిరగలేదు, కళ్ళు చీకట్లు కమ్మలేదు. అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి, ఏదీ నాది కాదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగను, మా ఇల్లెక్కడండీ అనా?

షాపతను తల బయటికి పెట్టాడు. ‘‘ఏం కావాలమ్మా?’’

‘‘తాళం’’ అన్నాను.

‘‘దేనికి వెయ్యడానికి?’’

‘‘గట్టిది ఇవ్వు నాయనా, దేనికైనా వేస్తాను.’’

అతను నాలుగు రకాలు చూపించాడు. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి, గీరి, బేరమాడి, సమయం సాగదీశాను. ఇంతలో కుడివైపు నుంచి లాండ్రీ ఆవిరి వాసన వచ్చింది. మన వీధి మొదట్లో ఉందే, ఆ లాండ్రీ. ఆ వాసన వెంట లాండ్రీ వచ్చింది, లాండ్రీ వెంట మన మెట్లు, మెట్ల వెంట పచ్చ తలుపు. ఒక్కొక్కటీ తన చోటికి వచ్చి నిలబడింది, నటులు ఆలస్యంగా వచ్చి నాలుక కరుచుకున్నట్టు. ఇంటికి వచ్చాను. నా సొరుగులో ఇప్పుడు దేనికీ వేయని తాళం ఒకటుంది.

అదొక్కటే అయితే ఎండ అని సర్దుకునేదాన్నేమో. నిన్నగాక మొన్న రిహార్సలు. నీకు నా అలవాటు తెలుసు, స్క్రిప్టుని ఒళ్ళో పెట్టుకోను, దాని మీద కూర్చుంటాను. కాగితంలో కళ్ళున్న ప్రాంప్టరు చోటు వెతికి మాట అందించేసరికి ప్రేక్షకులు ఇంటికెళ్ళి పడుకుంటారని నా పాత పొగరు. జడ్జి కూతురితో మాట్లాడే చోట మహారాజు ఆగాడు. ఆయన ఆగడాలు రెండు రకాలు. భావం కోసం ఆగితే చూపు కూతురి మీద ఉంటుంది. మాట కోసం ఆగితే చూపు నా వైపు వస్తుంది. నా వైపు వచ్చింది. నేను నోరు తెరిచాను.

నా దగ్గర లేదు. ఆ చోట ఏ మాటా లేదు, తుడిచిన పలక. స్క్రిప్టు నా కిందే ఉంది, లేచి తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన నా కళ్ళలోకి చూశాడు. ఇన్నేళ్ళూ నేను ఆయన కళ్ళలో చూసింది ఆయన నా కళ్ళలో చూశాడు. వెంటనే దర్శకుడి వైపు తిరిగి, ‘‘క్షమించాలి బాబూ, నా మొద్దు బుర్ర. మళ్ళీ మొదటినుంచి తీసుకుందాం’’ అన్నాడు.

‘‘సార్, కాస్త ఇంట్లో చదువుకుని రండి సార్’’ అన్నాడు గడ్డం.

ఆయన తల వంచుకుని, ‘‘అలాగే నాయనా’’ అన్నాడు. మేఘంలాంటి గొంతు, పిల్లాడి గొంతయింది.

తర్వాత టీ దగ్గర నేను నిలదీశాను. ‘‘నా తప్పు మీ నెత్తిన ఎందుకేసుకున్నారు మహారాజా?’’

‘‘ఇన్నేళ్ళు నా మరుపు నువ్వు మోశావక్కయ్యా. ఒక్కపూట నీది మోస్తే నేను అరిగిపోతానా?’’ అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, ‘‘అయితే ప్రదర్శన రోజున జనం ముందు ఇద్దరం ఒకేసారి మరిచామనుకో, మనల్ని ఎవరు మోస్తారు?’’ అన్నాడు.

ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చాను. దానికి జవాబు చెప్పాలంటే ముందు మీ అమ్మకి చెప్పాలి. మీ అమ్మకి చెప్పాలంటే ముందు ఎవరి దగ్గరైనా రిహార్సలు కావాలి. అందుకే నీకు రాస్తున్నాను. ఇదిగో, మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చిన చప్పుడయింది. ఉండు.

మర్నాడు పొద్దున్న రాస్తున్నాను. చెప్పేశాను.

మీ అమ్మ ఆరిన బట్టలు మడత పెడుతోంది. నేను మంచం చివర కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఆపకుండా చెప్పాను, పావురంతో సహా. చేతిలో మీ నాన్న చొక్కా అలాగే ఉండిపోయింది.

‘‘కాపీ కొట్టావా? డాక్టరు దగ్గర?’’

‘‘కాపీ కాదే. బట్టీ.’’

‘‘నవ్వించకు! అస్సలు నవ్వించకు నన్ను! లెక్కల పరీక్షలో పక్కదాని పేపరు చూశానని బడికొచ్చి, అందరి ముందూ నా చేత ఒప్పించావు, గుర్తుందా?’’

‘‘గుర్తుంది. అది మాత్రం బాగా గుర్తుంది.’’

‘‘మరి నేనిక్కడ పాటలు పాడుకుంటున్నానే అమ్మా!’’

చొక్కాని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నేను ఆమె పక్కన కూర్చుని సాక్సులకి జతలు వెతకడం మొదలుపెట్టాను. అన్నీ నలుపే, జత కుదిరి చావదు. ముక్కు ఎగబీల్చి అడిగింది, ‘‘తాళాల షాపు దగ్గర... భయమేసిందా?’’

‘‘వేసింది.’’

‘‘నాకు ఫోన్ చెయ్యాలని తోచలేదా?’’

‘‘నీకు చెబితే నిజమైపోతుందని.’’

నా చేతిలోంచి సాక్సు తీసుకుని, ‘‘ఇది దానికి జత కాదు’’ అంది. అంతే. తెల్లారగానే డాక్టరుగారి ఆసుపత్రికి ఫోన్ చేసింది. గురువారం రమ్మన్నారు. ‘‘ఈసారి వేరే మాటలు అడగమని చెప్పండి, మా అమ్మకి పాతవి వచ్చు’’ అని మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే తలుపు దగ్గర మీ నాన్న, ‘‘మరి బాదంపప్పులు కొనసాగించాలా, ఆపెయ్యాలా?’’ అని అడిగాడు. మీ అమ్మ ఆయన వంక చూసిన చూపుకి ఆయనకి చాలా పాత విషయాలు గుర్తొచ్చి ఉంటాయి.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. నువ్వు అడక్కముందే, రెండోసారి వెళ్ళినప్పుడే, నీ పేరెత్తకుండా డాక్టరుని అడిగాను. కొంత వంశంలో రావచ్చట, చాలామందికి రాదట, నా వయసులో వచ్చే మరుపుల్లో అన్నీ ఒకటి కాదట. నడక, నిద్ర, రక్తపోటు అదుపులో ఉంచుకోవడం, చెవులు సరిగ్గా వినబడేలా చూసుకోవడం, మనుషులతో మాటలు, కొత్తది ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉండటం, ఇవి మన చేతిలో ఉన్నవన్నాడు. నాకు వచ్చింది ఏమిటో ఇంకా తెలియదు. తెలుసుకునే దారిని నేనే లాంతరూ పావురమూ పెట్టి మూసేశాను, మందుంటే మందు, లేకపోతే జాగ్రత్త, ఏదైనా తొందరగా మొదలుపెట్టాల్సింది. కానీ ఒకటి తెలుసు. నీది ఇది కాదు. ఉన్నది పోవడం వేరు, ఇంకా రానిది రాకపోవడం వేరు. నీకు ఇంకా రాలేదు, అంతే. నా మరుపుని అడ్డం పెట్టుకుని పరీక్ష ఎగ్గొట్టాలని చూశావంటే శిక్షణ కేంద్రానికి వచ్చి చెవి మెలిపెడతాను. దారి తప్పితే అడిగి మరీ వస్తాను.

ఈరోజు మధ్యాహ్నం దర్శకుడికీ చెబుతాను. పంపేస్తే పంపేస్తాడు, కానీ ముందు నా ఏర్పాటు వినాలి. ఇకమీదట స్క్రిప్టు మీద కూర్చోను. ఒళ్ళో తెరిచి పెట్టుకుంటాను, నడుస్తున్న వాక్యం కింద వేలు పెట్టుకుంటాను, కొత్తగా చేరిన ప్రాంప్టరులాగా. పక్కన ఇంకో స్టూలు వేయించి, దుస్తులు కుట్టే ఆవిడని కూర్చోబెడతాను. ఆవిడకి చెవి మంచిది, నోరు మెత్తన. ఎప్పుడు ఆగాడో, ఎప్పుడు మరిచాడో పోల్చుకోవడం నేను నేర్పుతాను. అది కాగితంలో ఉండదు, నాలో ఇంకా ఉంది. ఉండగానే ఇచ్చేస్తాను. మహారాజు వేదిక మీద ఒంటరిగా నిలబడే రోజు రాకూడదు, నేనున్నా లేకపోయినా.

నాకు ఓటమి ఒప్పుకునే ఉద్దేశం లేదని మీ అమ్మకి కూడా చెప్పాను. జారిపోతున్నదాన్ని బతిమాలి ఆపలేనేమో. ఉన్నదాన్ని మాత్రం రోజూ ఆడిస్తాను. దీపాలు నేనే వేస్తాను.

ఇక నీకొక పని. ఆదివారం ఫోన్ చేతికివ్వగానే ముందు నాకు చెయ్యి. నీ రూటు ఛార్టు నకలు ఒకటి పంపు, నేను పట్టుకుని కూర్చుంటాను. నువ్వు మొదటి స్టేషను నుంచి అప్పజెప్పు, రెండు వంతెనలతో సహా. ఎక్కడ ఆగినా నేను కంగారుపడి చెప్పెయ్యను, నీ చేత వెతికిస్తాను. నీది అయ్యాక నా వంతు. నాటకశాల తలుపు దగ్గర మొదలుపెట్టి ఇంటి వరకు దారి నేను చెబుతాను, తాళాల షాపు మూల, కుడివైపు లాండ్రీ, మెట్లు, పచ్చ తలుపు. అప్పుడు ప్రాంప్టరువి నువ్వు.

ప్రాంప్టరు పని చాలామంది తప్పు చేస్తారు, జాగ్రత్తగా విను. ఎదుటివాళ్ళు ఆగగానే తోసుకొచ్చి అందించకు. ఆగడం మరుపు కాదు. ముసలివాళ్ళు ఊపిరి కోసం ఆగుతారు, రుచి కోసం ఆగుతారు, కొందరైతే గొప్ప కోసం ఆగుతారు. నా ఊపిరి విను. నేను నిజంగా వెతుకుతున్నానని తెలిసినప్పుడు, మెల్లగా, ఎవరికీ వినబడనట్టు, మొదటి మాట ఒక్కటి ఇవ్వు. మిగతాది నేను తెచ్చుకుంటాను. వాక్యమంతా నువ్వే చెప్పేస్తే అది నీ వాక్యమైపోతుంది, నాకు దక్కదు.

ఎప్పుడైనా ఒక ఆదివారం మొదటి మాట ఇచ్చినా నాకు రాకపోతే, రెండోది కూడా ఇవ్వు. అదీ అందకపోతే, అప్పుడు వాక్యం మొత్తం నువ్వే చెప్పు, తొందర లేకుండా, గొంతు వణక్కుండా. నీ వెనకాల నేను అంటాను.

మీ అమ్మ పాటలు ఆపేసింది. గురువారం తర్వాత, ఫలితం ఏదైనా సరే, మళ్ళీ పాడమని చెప్పాను. చెవులు ఓర్చుకుంటాయి.

ఇట్లు,
పక్క స్టూలు నీ కోసం ఖాళీగా ఉంచిన
నీ అమ్మమ్మ